నాగరత్నం బోర్డు

నాగరత్నం నా ల్యాబ్‌లో అడుగుపెట్టిన మొదటి రోజే నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత రెండేళ్ళలో ఎన్నిసార్లు మండిందో చెప్పలేను. ఆమె గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని పాత విద్యార్థులు అడిగితే, మంచి మాటలే రాద్దామని కూర్చున్నాను. గుర్తొస్తున్నవి మాత్రం కాలిన ప్లాస్టిక్ వాసన, చెడిపోయిన రెండు కంప్యూటర్లు, నా బల్ల మీద గీరినా పోని సీసం చుక్కలు. ఏం చేసేది, ఆ మనిషి అలాంటిది.

నా పేరు యతీశ్. తమిళనాడులో హోసూరు నుంచి కృష్ణగిరి పోయే హైవేలో, సూళగిరి దాటాక ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ ఉంది. అందులో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. మైక్రోకంట్రోలర్ ల్యాబ్ నా బాధ్యత. మైక్రోకంట్రోలర్ అంటే వేలెడంత నల్ల చిప్పులో ఇమిడిన చిన్న కంప్యూటర్. వాషింగ్ మెషీన్‌లో, పెట్రోలు బంకు మీటర్లో కూర్చుని పని చేసేది అదే. దానికి ప్రోగ్రాం రాసి, అందులోకి ఎక్కించి, నడిపించి చూడడం మా మూడో సంవత్సరం పిల్లలు నేర్చుకోవాలి. నేర్చుకోవాలని సిలబస్‌లో రాసి ఉంది మరి.

నాగరత్నం 2003 జూన్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా వచ్చింది. సొంత ఊరు వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె. ఇంట్లో మామిడి తోట, నాలుగు ఆవులు. పదో తరగతి అయిపోగానే హోసూరులో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో చేరి, పదిహేనేళ్ళు వరసలో కూర్చుని సోల్డరింగ్ చేసింది. అంటే సీసం కరిగించి సర్క్యూట్ బోర్డు మీద భాగాలను అతికించడం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా అదే పని. ఫ్యాక్టరీ మూతపడ్డాక మా ప్రిన్సిపాల్ అంజనప్ప ఆమెను తీసుకున్నాడు, తక్కువ జీతానికి వస్తుందని. డిగ్రీ లేదు, ఇంగ్లీషు రాదు, నోరు మాత్రం మూడు భాషల్లో ఆడుతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం నేను అన్నం తిని వచ్చేసరికి ల్యాబ్‌లోని అద్దాల అలమారా బార్లా తెరిచి ఉంది. అందులో ఉండాల్సిన, పిల్లలు ప్రోగ్రాంలు నడిపి చూసే నాలుగు ట్రైనర్ కిట్లూ నా బల్ల మీద స్క్రూలు ఊడి, మూతలు తీసి పడి ఉన్నాయి. ఈమె పక్కన నిలబడి చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

“సార్, ఈ నాలుగూ చచ్చిపోయి శానా దినాలైంది. మీకు తెలీదా?”

“నిన్నెవరు తెరవమన్నారు?”

“అచ్చెన్న తాళం ఇచ్చినాడు. దుమ్ము తుడుద్దామని తీసినాను. మూత తీస్తే లోపల కాలిన మరకలు.”

అచ్చెన్న మా అటెండరు. నేను అతని వైపు చూస్తే అతను కిటికీలోంచి హైవే మీద లారీలు చూస్తున్నాడు.  పూజకు తప్ప ఏడేళ్ళుగా ఎవరూ తెరవని అలమారా అది. ప్రతి ఆయుధ పూజకూ ఆ కిట్లకు గంధం, కుంకుమ పెట్టి, హారతిచ్చి, మళ్ళీ తాళం వేస్తాం. అంతకు మించి వాటితో మాకు పని లేదు.

“తెలుసు. మూసి పెట్టు. ఎవరితోనూ అనొద్దు,” అన్నాను.

ఆ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, దాచి ప్రయోజనం లేదు. కిట్లు 1995లో కొన్నారు. ఒక్కోటి తొమ్మిది వేలు. మరుసటి ఏడాది వానాకాలంలో ఒక సాయంత్రం పిడుగు పడింది. మూడు కిట్లు అక్కడికక్కడే పోయాయి. నాలుగోది కొన ఊపిరితో వారం రోజులు నడిచింది. ఆ వారంలోనే నేను కూర్చుని ల్యాబ్ మాన్యువల్ తయారు చేశాను. పన్నెండు ప్రయోగాలు, ఒక్కోదానికి ప్రోగ్రాం, కిట్ మీద వచ్చిన జవాబు. తర్వాత అదీ పోయింది. ల్యాబ్‌లో ఏ సామాను చెడినా బాధ్యుడి జీతంలో పట్టుకోవడం మా కాలేజీ రివాజు. నాకు అప్పుడు పెళ్ళయి ఆరు నెలలు. నోరు మూసుకుని కిట్లను అలమారాలో పెట్టి తాళం వేశాను.

అప్పటి నుంచి మా ల్యాబ్ ఇలా నడిచేది. పిల్లలు ప్రోగ్రాం నోటుబుక్కులో రాస్తారు. మాన్యువల్‌లో ఉన్న జవాబు కింద రాస్తారు. నేను ‘సరిచూడబడింది’ అని సంతకం పెడతాను. పరీక్ష రోజున బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కు టీ, వడ ఇచ్చి, కాగితం మీద చూపిస్తాం. ఆయన కాలేజీలోనూ అంతే కాబట్టి ఆయనేమీ అడగడు. ఒక బ్యాచి నోటుబుక్కు చూసి తర్వాతి బ్యాచి కాపీ కొట్టేది. అందరూ పాసయ్యేవాళ్ళు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, నాగరత్నానికి తప్ప.

ఆమెకు అది మింగుడు పడలేదు. రోజూ అదే పోరు. “మెషీను ముట్టకుండా మెషీను పని ఎట్ల నేర్చుకుంటారు సార్? వంట పుస్తకం చదివితే కడుపు నిండుతాదా?” అనేది. ల్యాబ్‌లో అంటే సరే, స్టాఫ్ రూములో అందరి ముందూ అనేది. నేను పళ్ళు కొరుక్కునేవాణ్ణి.

ఒక సోమవారం ఆమె సంచిలోంచి అరచేతంత బోర్డు ఒకటి తీసి నా ముందు పెట్టింది. చిల్లుల బోర్డు మీద నలభై కాళ్ళ చిప్పు, గోధుమ రంగు చిన్న కెపాసిటర్లు, ఒక వెండి డబ్బాలాంటి క్రిస్టల్, ఒక వరసలో ఎనిమిది ఎర్ర దీపాలు. శనివారం మధ్యాహ్నం బస్సెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి, ఒక్కో అంగడీ తిరిగి సామాను తెచ్చిందట. ఆదివారమంతా కూర్చుని అతికించిందట.

“ఎంత పడింది?” అన్నాను.

“రెండు నూర్లు కూడా కాలేదు సార్. పది మందికి ఒకేసారి తెస్తే ఇంకా తగ్గుతాది. ఈ చిప్పుకు ప్రోగ్రాం ఎక్కించడానికి వేరే మెషీను అక్కర్లేదంట. కంప్యూటరుకు ప్రింటరు తగిలించే చోటు నుంచి అయిదు తీగలు లాగితే చాలంట, అంగట్లో చెప్పినారు.”

“అంగడివాడు చెబితే ఇంజనీరింగ్ అయిపోతుందా?”

“కాకపోతే మీరు చెప్పండి సార్. మీకు తెలుసు కదా.”

ఇదీ ఆమెతో వచ్చిన చిక్కు. ఎగతాళి చేస్తున్నదో, నిజంగానే అడుగుతున్నదో తెలిసేది కాదు. నేను మొహం మాడ్చుకుని బ్లాక్‌బోర్డు మీద సర్క్యూట్ గీశాను. చదువుకున్న నాటి జ్ఞాపకం మీద గీశాను. ఆమె దాన్ని అట్లాగే కాగితం మీద ఎక్కించుకుంది. రెండో సంవత్సరం పిల్లల చేత సామానుకు ఇంత అని వేయించి, పద్దెనిమిది మందికి సరిపడా తెచ్చి, ఎవరి బోర్డు వాళ్ళ చేతే సోల్డరింగ్ చేయించింది. తనే చేసి ఇవ్వొచ్చు కదా, ఆమె చెయ్యి ఒక్కో అతుకుకు రెండు సెకన్లు కూడా తీసుకోదు. ఊహూఁ. పిల్లలు వేళ్ళు కాల్చుకున్నారు, బల్లలు కాల్చారు, ఒకడు ప్రయోగాల నోటుబుక్కు కూడా కాల్చాడు. ల్యాబ్ నిండా పొగ. నేను ఫ్యాను వేస్తే సీసం చల్లారిపోతుందని ఆపేసేది.

పద్దెనిమిది బోర్డుల్లో ఒక్కటీ పని చేయలేదు.

వారం రోజులు ఆమె ప్రతి అతుకూ మళ్ళీ చూసింది, మళ్ళీ కరిగించింది, మళ్ళీ అతికించింది. నేను లోపల సంతోషించలేదని చెబితే అబద్ధం. ఇప్పుడైనా బుద్ధి వస్తుంది, అలమారా జోలికి రాదు అనుకున్నాను. ఎనిమిదో రోజు ఉద్దనపల్లి నుంచి వచ్చే భరణి అనే అమ్మాయి హోసూరు బ్రౌజింగ్ సెంటర్లో ఆ చిప్పు గురించిన కాగితాలు ప్రింటు తీసుకుని వచ్చింది. ముప్పై ఒకటో కాలుకు అయిదు వోల్టులు ఇవ్వాలని అందులో రాసి ఉంది. ఇవ్వకపోతే చిప్పు తనలోని ప్రోగ్రాంను వదిలేసి, బయట ఎక్కడో ఉందనుకుని వెతుక్కుంటుందట. నేను గీసిన బొమ్మలో ఆ కాలుకు ఏ తీగా లేదు.

“సార్, ముప్పై ఒకటోది గాల్లో ఉండిపోయింది,” అంది నాగరత్నం.

“గీసేటప్పుడు చూసుకోవద్దా నువ్వు?”

“గీసింది మీరు కదా సార్.”

పద్దెనిమిది మంది పిల్లల ముందు. నేను చాక్‌పీసు కింద పడేసి బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆమె ఒక్కో బోర్డుకూ ఒక్కో తీగ అతికిస్తోంది, పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. మొదటి బోర్డు మీద చివరి దీపం వెలిగి, ఆరి, వెలిగి, ఆరింది. ఆ పిల్లలు చేసిన గోలకు పక్క గదిలో క్లాసు చెబుతున్న సుధామణి మేడమ్ వచ్చి నన్ను తిట్టింది. కంప్యూటర్ విభాగం ఆమెది. నాగరత్నానికి ఆమె గదిలోనే పని, ఎందుకంటే ప్రింటర్ తీగలు తగిలించే కంప్యూటర్లు అక్కడే ఉన్నాయి. అదే నెలలో ఎవడో పన్నెండు వోల్టుల అడాప్టర్‌ను తప్పు చోట గుచ్చి రెండు కంప్యూటర్లకు ఆ పోర్టు కాల్చేశాడు. ఆ తర్వాత రెండు నెలలు సుధామణి మేడమ్ నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే మొహం తిప్పుకునేది. తప్పు చేసింది ఒకరు, మాటలు పడింది నేను.

ఇంతా చేసి, మరుసటి ఏడాదికి మూడో సంవత్సరంలో ఉన్న అరవై రెండు మందికీ ఒక్కో బోర్డు తయారైంది. వెనకవైపు నెయిల్ పాలిష్‌తో పేర్లు రాసుకున్నారు. హాస్టల్లో ట్యూబులైట్ కింద, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ పడితే అక్కడ ఆడుకునేవారు. ఒకడు తన నాన్న టొమాటో తోటలో మోటారు ఆన్ చేయడానికి పెట్టి, మోటారు కాల్చుకున్నాడు. వాళ్ళ నాన్న వచ్చి అరిచింది కూడా నా మీదే.

అసలు తగాదా 2004 డిసెంబరులో వచ్చింది. ఆరో ప్రయోగం. ఒకటి నుంచి అయిదు వరకు ఉన్న అంకెల్ని కూడి జవాబు చూపించే ప్రోగ్రాం అది. భరణి దాన్ని బోర్డులోకి ఎక్కించి నడిపింది. కుడి వైపు నుంచి నాలుగు దీపాలు వెలిగాయి. మాన్యువల్‌లో జవాబు 1F, దాని పక్కనే 00011111 అని ఉంది; ఒక్కో ఒకటికి ఒక్కో దీపం, అంటే అయిదు వెలగాలి. నాగరత్నం బోర్డునూ నోటుబుక్కునూ కలిపి నా దగ్గరికి తెచ్చింది.

“సార్, బోర్డు నాలుగు చూపిస్తాది. పుస్తకంలో అయిదుండాయి.”

“అయితే బోర్డులో ఏదో తప్పుంది.”

“ఇరవై బోర్డుల్లో చూసినాను. అన్నీ నాలుగే. ఈ దీపాలు తక్కెడ రాళ్ళ మాదిరి సార్, భరణి చెప్పింది. మొదటిది ఒకటి, రెండోది రెండు, మూడోది నాలుగు, నాలుగోది ఎనిమిది. నాలుగూ కలిపితే పదైదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు కూడినా పదైదే. సరిపాయె. అయిదో దీపం పదారు. అది వెలిగితే ముప్పై దాటిపోతాది. ఎట్లొచ్చె అది?”

ఎట్లొచ్చిందో నాకు ఆ క్షణంలోనే తెలిసింది. 1996లో ఆ నాలుగో కిట్ చచ్చిపోతూ ఉంది. దాని అంకెల అద్దంలో కొన్ని గీతలు ఆరిపోయి ఉన్నాయి. పదిహేనును ఆ కిట్ 0F అని చూపాలి; ఆ సున్నాలో కుడిపక్క గీతే వెలిగి, చూసేవాడికి ఒకటిలా, మొత్తం 1Fలా కనిపించింది. నేను చూసింది చూసినట్టు టైపు చేశాను. వేళ్ళ మీద కూడి చూసుకుంటే అయిపోయేది. చూడలేదు. ఎనిమిది బ్యాచులు ఆ తప్పు జవాబు రాశాయి, దాని కింద నా సంతకం పెట్టించుకున్నాయి. ఒక్కరూ అడగలేదు.

తప్పు తెలిసినవాడు ఒప్పుకుంటాడు. నేను ఒప్పుకోలేదు. “మాన్యువల్‌లో ఏముందో అదే రాయాలి. పరీక్షలో మార్కులు దానికే,” అన్నాను.

భరణి నాలుగు దీపాల జవాబే రాసుకొచ్చింది. నేను ఎర్ర ఇంకుతో కొట్టేశాను. మళ్ళీ రాసుకొచ్చింది. మళ్ళీ కొట్టేశాను. ఆ పిల్ల ఏడవలేదు, నాకేసి చూసి నోటుబుక్కు మూసుకుని వెళ్ళింది. నాగరత్నం నాతో మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ల్యాబ్ ప్రశాంతంగా ఉండాల్సింది, కానీ నాకు కాలు నిలవలేదు.

ఫిబ్రవరిలో తనిఖీ వస్తోందని చెన్నైలోని సాంకేతిక విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రిన్సిపాల్ అంజనప్ప మమ్మల్ని పిలిచాడు. “ఏప్రిల్ ప్రాక్టికల్ పరీక్ష ఈ బోర్డుల మీద పెట్టాలని నాగరత్నం ఏడాదిగా నా ప్రాణం తీస్తా ఉంది. తనిఖీ ఆయన చూసి సరే అని రాస్తే పెట్టుకోండి. పనికిరావని రాస్తే ఆ బోర్డులు మళ్ళా ఈ గేటు లోపల కనపడకూడదు. కిట్లు బయట పెట్టి, ఎప్పటి మాదిరి నడిపించండి,” అన్నాడు. ఎప్పటి మాదిరి అంటే ఏమిటో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

బయటికి వచ్చాక నాగరత్నం, “ఒక్కసారి సార్. ఒక్క పరీక్ష ఈ పిల్లోళ్ళు నిజంగా చెయ్యనీ. ఫ్యాక్టరీకి పని అడగడానికి పోయి, ఇది చేసినాము అని చెప్పుకోనీ,” అంది. ఆమె గొంతులో పోరు లేదు, బతిమాలింది. ఆ మాట నాకు అలవాటు లేదు. ఏదో గొణిగి తప్పుకున్నాను.

తనిఖీకి వచ్చినాయన పెద్దమనిషే. మెకానికల్ లెక్చరర్‌గా చేరి, ప్రిన్సిపాల్‌గా రిటైరయ్యాడట. ఆ సంగతి తనే చెప్పాడు, ఈ దీపాలూ చిప్పులూ తన సబ్జెక్టు కాదని కూడా చెప్పాడు. చేతిలో నా మాన్యువల్ పట్టుకుని తమిళంలో, “ఏదో ఒక ప్రయోగం చూపించమ్మా,” అని పుస్తకం మధ్యలో తెరిచాడు. ఆరో ప్రయోగం. పుస్తకం అక్కడే ఎందుకు తెరుచుకోవాలి? 

సుధామణి మేడమ్ గది నుంచి ఆ రోజుకని తెచ్చిపెట్టిన కంప్యూటర్ ముందు కూర్చుని భరణి ప్రోగ్రాం కొట్టింది. అయిదు తీగలు గుచ్చింది. ఎక్కించింది. నాలుగు దీపాలు వెలిగాయి.

ఆయన కళ్ళజోడు సర్దుకుని పుస్తకం చూశాడు, బోర్డు చూశాడు. “ఇందులో వేరే ఉందే.”

భరణి చెప్పబోయింది, కూడితే పదిహేను వస్తుందని. ఆయన వినిపించుకున్నాడు కూడా. “పదిహేనే కావచ్చమ్మా. పుస్తకంలో ఉన్నది ఆ పదిహేనుకు మీ కంప్యూటర్ భాషలో రాసే పద్ధతి అయి ఉంటుంది,” అని, అరలోంచి పాత నోటుబుక్కులు తెప్పించుకున్నాడు. 1998వి, 2000వి, 2003వి. ఒక్కొక్కటీ ఆరో ప్రయోగం దగ్గర తెరిచి బల్ల మీద వరసగా పెట్టాడు. అన్నింటిలో అదే జవాబు. అన్నింటి కిందా నా సంతకం. “ఇన్ని బ్యాచులు మంచి కంపెనీ కిట్ మీద చేసి చూశాయి. మీ లెక్చరర్ ఒక్కొక్కటీ సరిచూసి సంతకం పెట్టాడు. ఇవన్నీ తప్పు, ఇంట్లో అతికించిన ఈ బోర్డు ఒప్పు అని నేనెలా రాయను?”

ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. అంజనప్ప నావైపు చూడకుండా గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు. నేను నోటుబుక్కుల పక్కన నిలబడ్డాను. ఇంక రెండు నిమిషాలు ఊరుకుంటే చాలు. ఆయన రాసేస్తాడు, బోర్డులు పోతాయి, నా ఉద్యోగం నాకుంటుంది, పొగ ఉండదు, పోరు ఉండదు, సుధామణి మేడమ్ మళ్ళీ నవ్వుతూ పలకరిస్తుంది.

అప్పుడు నాగరత్నం ఒక పని చేసింది. ముందుకు వచ్చి బోర్డు చేతిలోకి తీసుకుని, అయిదో దీపాన్ని వేలితో మెల్లగా కదిలించి చూసింది. తర్వాత వంగి భరణి చెవి దగ్గర, “అయిదోదానికి నేను మళ్ళా అతికించింది సరిగా పట్టలేదేమో పాపా. నాదే తప్పేమో. సోల్డరింగ్ కడ్డీ వేడి చెయ్యి,” అంది.

నేను అది విన్నాను. రెండేళ్ళు నా మాట ఒక్కటి లెక్కచేయని మనిషి. నా ముందు, ప్రిన్సిపాల్ ముందు, అందరి ముందూ నోరు పారేసుకున్న మనిషి. ఇరవై బోర్డులు పెట్టి చూసి, తక్కెడ రాళ్ళు లెక్కపెట్టి, సరైన జవాబు పట్టుకున్న మనిషి. నోటుబుక్కుల వరస చూసి, అన్ని సంతకాలు చూసి, తన చేతుల మీద తనే అనుమానపడింది. పదిహేనేళ్ళలో ఆ చేతులు ఎన్ని లక్షల అతుకులు పెట్టి ఉంటాయో. ఆ చేతులతో బాగున్న దీపాన్ని ఊడదీయబోతోంది.

“చెయ్యి తియ్యి నాగరత్నమ్మా,” అని అరిచాను. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. “తియ్యమంటే నీకు వినబడదా? ఆ బోర్డులో ఏ తప్పూ లేదు. ముట్టుకోవద్దు దాన్ని.”

తర్వాత నేను ఏ వరసలో చెప్పానో గుర్తు లేదు, చెప్పింది మాత్రం గుర్తుంది. పుస్తకంలోది తప్పు సార్. దాన్ని టైపు చేసింది నేను. చెడిపోయిన అద్దం చూసి టైపు చేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళుగా ఈ ల్యాబ్‌లో ఒక్క పిల్లవాడు ఒక్క కిట్ ముట్టలేదు. ముట్టడానికి కిట్లు లేవు, అన్నీ చచ్చాయి. వాటికి ఏటా బొట్టు పెడతాం. ఆ సంతకాలన్నీ నేను ఏమీ చూడకుండా పెట్టినవి. ఈ గదిలో నిజంగా లెక్క చేసింది ఆ బోర్డు ఒక్కటే. అంతా చెప్పాను. గొంతు తగ్గించి చెప్పాలని తోచలేదు. ఎవరి మీద అరుస్తున్నానో కూడా తెలియలేదు.

ఆయన పెన్ను మూత పెట్టాడు.  “అలమారా తెరవండి,” అన్నాడు. అచ్చెన్న తెరిచాడు. నాలుగు కిట్లకూ ఒక్కోదానికి కరెంటు ఇచ్చి చూశారు. ఎండిన గంధం పెచ్చులు రాలాయి, అంతే.

తర్వాత ఆయన కాగితం తీసుకుని వేళ్ళ మీద ఒకటి, రెండు, మూడు అని కూడి, భరణిని అడిగి దీపాల లెక్క నేర్చుకుని, తనే ఒకసారి ప్రోగ్రాంలో అయిదును ఆరు చేయించి చూశాడు. ఈసారి వేరే దీపాలు వెలిగాయి. వాటి విలువలు కూడితే ఇరవై ఒకటి వచ్చింది. మళ్ళీ అయిదు చేయించాడు. అరగంట అలా ఆడి, ఏప్రిల్ పరీక్షకు ఈ బోర్డులు వాడుకోవచ్చు, ఈ ఒక్క ఏడాదికి, అని రాశాడు. నా గురించి వేరే కాగితం మీద రాశాడు. అందులో ఏముందో నాకు చూపించలేదు. అంజనప్ప పోతూ పోతూ, “నీ సంగతి సోమవారం మాట్లాడదాం యతీశప్పా,” అన్నాడు. సోమవారం మాట్లాడాడు కూడా. రెండు ఇంక్రిమెంట్లు ఆగిపోయాయి, కిట్ల ఖరీదు జీతంలో పట్టుకున్నారు, ల్యాబ్ బాధ్యత తీసేశారు. పరీక్ష మాత్రం బోర్డుల మీదే జరిగింది, అరవై రెండు మందీ చేశారు.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ రోజు మధ్యాహ్నం సంగతి. అందరూ భోజనానికి వెళ్ళారు. ల్యాబ్‌లో నాగరత్నం, నేను మిగిలాం. ఆమె తీగలు చుట్టలు చుడుతోంది. నేను బల్ల మీద కూర్చుని ఉన్నాను. ఆమె ఏదైనా మంచి మాట అంటుందని ఎదురు చూశానని ఒప్పుకుంటాను. ఉద్యోగం పోయేంత పని చేశాను కదా.

 చివరికి ఆమె తీగ చుట్టడం ఆపి నావైపు తిరిగింది.

“ఇంత కోపం ఉండాదే సార్ మీకాడ,” అంది. “ఇన్ని దినాలూ దాన్ని ఊరికే నా మింద ఖర్చు పెడితిరి.”

నేను బల్ల దిగి, వరసగా తెరిచి ఉన్న నోటుబుక్కులు మూయసాగాను.  ఆమె పక్క బల్ల దగ్గరికి పోయి ప్లగ్గులు పీకడం మొదలుపెట్టింది.